ఝాన్సీ రాణి వీపు మీద పిల్లాడి వయసెంత?

రెండో తరగతిలో నన్ను ఝాన్సీ రాణిని చేశారు. నూజివీడులో ఏ స్కూల్లో ఫాన్సీ డ్రెస్ పెట్టినా ఒక గాంధీ, ఒక నెహ్రూ, ఒక అల్లూరి, ఇద్దరు ముగ్గురు ఝాన్సీ రాణులు ఖాయం. అట్టముక్కకి వెండి కాగితం అంటించిన కత్తి, గోచీ పోసి కట్టిన అమ్మ పట్టుచీర, వీపుకి చున్నీతో కట్టిన ప్లాస్టిక్ బొమ్మ. స్టేజీ ఎక్కి కత్తి పైకెత్తానో లేదో బొమ్మ జారి కింద పడింది. దాని తల ఊడి మైక్ స్టాండ్ దాకా దొర్లింది. అందరూ నవ్వారు, నేను ఏడ్చాను. కన్సోలేషన్ ప్రైజ్‌గా ఒక జామెట్రీ బాక్స్ ఇచ్చారు.

ఈ సంచికకి ఎవరైనా గొప్పవాళ్ల జీవితం రాయమని క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఊడిన తల. నేను స్టేజీ మీద రెండు నిమిషాలు నిలబెట్టలేని బొమ్మని, ఆవిడ గుర్రం మీద రాత్రంతా ఎలా పడిపోకుండా మోసింది? అసలు ఎలా కట్టింది? అది వెతకడం మొదలుపెట్టా. వెతుకుతుంటే వేరే విషయం బయటపడింది. ఆ రాత్రికి పిల్లాడు పసివాడు కాదు. ఎనిమిది తొమ్మిదేళ్లవాడు. మన లెక్కలో మూడో తరగతో నాలుగో తరగతో.

మనం చూసే బొమ్మల్లో, క్యాలెండర్లలో, నాలాంటి పిల్లల వేషాల్లో మాత్రం ఎప్పుడూ చిన్న పాపాయే. ఎందుకలా అని ఆలోచిస్తూ ఆవిడ కథ మొదటి నుంచి చదివాను.

పుట్టింది కాశీలో, 1828 నవంబర్ 19న అని ఎక్కువ పుస్తకాల్లో ఉంటుంది. 1835 అని రాసినవాళ్లు కూడా ఉన్నారు. పేరు మణికర్ణిక, ముద్దుగా మను. నాన్న మోరోపంత్ తాంబే. మనుకి నాలుగేళ్లప్పుడే అమ్మ పోయింది. పదవి పోగొట్టుకున్న పీష్వా రెండో బాజీరావు కాన్పూర్ పక్కన బిఠూర్‌లో ఉండేవాడు, మోరోపంత్ ఆయన కొలువులో చేరాడు. అమ్మ లేని పిల్ల మగపిల్లల మధ్య పెరిగింది. చదువు, గుర్రపు స్వారీ, కత్తి, అన్నీ అక్కడే నేర్చుకుంది. తర్వాత 1857లో పెద్ద పేర్లయిన నానా సాహెబ్, తాత్యా తోపే అప్పటి నుంచి తెలిసినవాళ్లే.

1842లో ఝాన్సీ రాజు గంగాధరరావుతో పెళ్లి చేశారు. ఆయన వయసులో చాలా పెద్ద, నాటకాలంటే ప్రాణం. పెళ్లయ్యాక మను కాస్తా లక్ష్మీబాయి అయింది.

(ఇక్కడ ఒక చిన్న మాట. మన దగ్గర ఝాన్సీ అంటే ఊరి పేరు అని చాలామందికి లేటుగా తెలుస్తుంది. మన దగ్గర ఝాన్సీ, ఝాన్సీ లక్ష్మి, ఝాన్సీ రాణి అని ఎంతమంది అమ్మాయిలు లేరు! హాస్టల్లో ఒక ఉత్తరాది ఫ్రెండ్‌కి ఇది చెబితే పడీపడీ నవ్వింది. అమ్మాయికి నాగపూర్ అని పేరు పెట్టినట్టు ఉందట.)

1851లో కొడుకు పుట్టాడు. దామోదర్ రావు అని పేరు పెట్టారు. నాలుగు నెలలకి పోయాడు. పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది. మన స్కూలు పాఠంలో అయితే ఆ ఒక్క వాక్యం కూడా ఉన్నట్టు నాకు గుర్తులేదు.

1853 నవంబర్‌లో రాజుకి జబ్బు ముదిరింది. వారసుడు లేడు. చుట్టాల్లో ఆనంద్ రావు అనే నాలుగైదేళ్ల పిల్లాడిని తెచ్చి, బ్రిటిష్ అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి శాస్త్రప్రకారం దత్తత తీసుకున్నారు. పిల్లాడికి కొత్త పేరు పెట్టారు. ఆ కొత్త పేరు దామోదర్ రావు. చనిపోయిన బిడ్డ పేరే. మర్నాడు, నవంబర్ 21న, రాజు కన్నుమూశాడు. పాతికేళ్లకి ఆమె విధవ. ఒళ్లో ఉన్నది నిన్నటిదాకా వేరే అమ్మ కొడుకు.

గవర్నర్ జనరల్ డల్హౌసీ, రాజ్యసంక్రమణ సిద్ధాంతం మనం పదో తరగతిలో బట్టీ పట్టినవే. కన్న కొడుకు లేకపోతే రాజ్యం కంపెనీది. సతారా 1848లో పోయింది, ఝాన్సీ, నాగపూర్ 1854లో. కానీ ఝాన్సీ విషయంలో ఒక సంగతి నాకు చాలా కోపం తెప్పించింది. ఈ పిల్లాడు దత్తపుత్రుడే, కాబట్టి రాజుగారి సొంత ఆస్తి వాడికి చెందుతుంది అన్నారు. రాజ్యం దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆ దత్తత చెల్లదు అన్నారు. ఒకే వేరియబుల్, పై లైన్లో ట్రూ, కింద లైన్లో ఫాల్స్. ఇంతా చేసి ఆ ఆస్తి అయినా చేతికిచ్చారా అంటే, పిల్లాడు మేజర్ అయ్యేదాకా తమ దగ్గరే దాచారు. పిల్లాడి ఒడుగుకి వాడి డబ్బులోంచే కొంత ఇమ్మని ఆమె అడిగితే, హామీ ఉండేవాళ్లని చూపించమన్నారు.

ఆమె వెంటనే కత్తి తీయలేదు. ఇది కూడా బొమ్మల్లో కనపడదు. ముందు కాగితాలు రాసింది. ఒక అర్జీ, దాని మీద ఇంకో అర్జీ. ఓర్ఛా, దతియా లాంటి పక్క సంస్థానాల్లో దత్తతలు ఒప్పుకున్నారు కదా, మాకేం తక్కువ అని ఉదాహరణలతో సహా వాదించింది. ఆస్ట్రేలియాలో పుట్టిన జాన్ లాంగ్ అనే లాయర్ని పిలిపించుకుని మాట్లాడింది. లండన్‌కి అప్పీల్ వెళ్లింది. ఏదీ నడవలేదు. కోట ఖాళీ చేసి ఊళ్లో ఉన్న రాణీ మహల్‌కి మారింది. ఏడాదికి 60,000 రూపాయల పింఛను, అందులోంచి మొగుడి అప్పులు తీర్చమని మళ్లీ పేచీ. ఝాన్సీని వదలను అని ఆమె అన్న మాట అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ మాట కంటే ఆ అర్జీల కట్ట ఎక్కువ నచ్చింది. అన్ని కాగితాల్లో చెప్పింది ఒకటే: వీడు నా కొడుకు.

1857 జూన్‌లో ఝాన్సీలో సిపాయిలు తిరగబడ్డారు. కోటలో తలదాచుకున్న ఇంగ్లీషువాళ్లు బయటికొచ్చి లొంగిపోయాక, జూన్ 8న జోఖన్ బాగ్‌లో దాదాపు అరవై మందిని చంపేశారు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. పిల్లాడిని మోసిన రాణి గురించి రాస్తూ ఆ పిల్లల్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. చేసింది సిపాయిలు. ఆమెకి ఇందులో పాత్ర ఉందని చూపించే గట్టి ఆధారం లేదని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. కంపెనీ మాత్రం ఆమెనే దోషిగా రాసుకుంది. సిపాయిలు ఢిల్లీ దారి పట్టాక ఊరు చూసుకునే దిక్కులేక, దామోదర్ రావు పేరు మీద ఆమె పాలన మొదలుపెట్టింది. అదను చూసి మీదికొచ్చిన ఓర్ఛా సైన్యాన్ని తిప్పికొట్టింది.

1858 మార్చి చివర్లో సర్ హ్యూ రోజ్ ఫిరంగులతో వచ్చి ఝాన్సీని చుట్టుముట్టాడు. బురుజుల మీద ఆడవాళ్లు మందుగుండు మోయడం తాము చూశామని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు. ఆదుకోవడానికి వచ్చిన తాత్యా తోపే సైన్యం ఏప్రిల్ 1న బేత్వా నది దగ్గర ఓడిపోయింది. 3న శత్రువులు ఊళ్లోకి జొరబడ్డారు. మర్నాటి రాత్రి ఆమె కొద్దిమంది మనుషులతో కోట దాటింది. దామోదర్ రావు ఆమెతోనే ఉన్నాడు.

ఇక్కడ ఆపి నూజివీడు రావాలి. నా అనుమానం తీరింది అక్కడే.

ఏప్రిల్ అంటే మాకు కాయ కోతలు. అగిరిపల్లి వైపు అమ్మమ్మ వాళ్ల బంధువుల తోటలో బంగినపల్లి, చిన్నరసం, కలెక్టర్ చెట్లున్నాయి. చిక్కం కట్టిన గెడలతో మగవాళ్లు కోస్తుంటే కాయలు ఏరి తొడిమలు సరిచేసి బుట్టల్లో సర్దే పని ఆడవాళ్లది. పసిపిల్లలుంటే దూరంగా ఇంకో చెట్టు కొమ్మకి పాత చీరతో ఉయ్యాల కడతారు. కోసే చెట్టుకి కట్టరు. తొడిమ తెగితే చిమ్మే సొన పడితే చర్మం కాలిపోతుంది, పసివాళ్ల చర్మం అసలు ఆగదు. ఉయ్యాల్లో ఉండనని ఏడ్చే పిల్లాడు మాత్రం అమ్మ వీపెక్కుతాడు.

పోయిన వేసవిలో తండా నుంచి కూలికొచ్చిన ఒక లంబాడీ అక్క పిల్లాడిని కట్టుకోవడం దగ్గర నిలబడి చూశాను. ముందు చంకలో ఉన్నవాడిని అలాగే వెనక్కి జరిపి, నడుం వంచి, వాడిని వీపు మీద బోర్లా పడుకోబెట్టుకుంది. వంగి ఉండగానే గుడ్డ వాడి మీద కప్పింది. ఒక కొస కుడి భుజం మీంచి, ఇంకో కొస ఎడమ చంక కిందనుంచి తెచ్చి రొమ్ము మీద ముడేసింది. తర్వాత గుడ్డ కింది అంచుని వాడి పిర్రల కిందకి, మోకాళ్ల దాకా లాగింది. నిలబడి ఒక్క కుదుపు. వాడు గుడ్డలో కూర్చున్నాడు. కాళ్లు ఆమె నడుముకి అటొకటి ఇటొకటి, మోకాళ్లు పిర్రల కంటే కాస్త పైకి. అర నిమిషం పట్టలేదు. నా బొమ్మ ఎందుకు పడిందో అప్పుడు అర్థమైంది. మేము బొమ్మని కట్టాం, కూర్చోబెట్టలేదు. కింద ఆధారం లేకుండా నడుం చుట్టూ ఎంత బిగించినా జారిపోతుంది.

ఎన్నేళ్ల దాకా ఇలా మోస్తారు అని అడిగితే, నడక వచ్చాక వీడే ఉండడు, రెండేళ్లు అనుకో అంది. ఎనిమిదేళ్ల పిల్లాడినైతే అని అడిగేసరికి నన్ను ఎగాదిగా చూసింది. ఎనిమిదేళ్లవాడు ఇంకో పిల్లని మోస్తాడు అంది.

నాకు తోచిన ఇంకో విషయం. మన తెలుగులో పిల్లాడి చోటు చంక. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటాం, వీపున పెట్టుకుని అనం. వీపు మూటలకి. కానీ చంకన ఎత్తుకుంటే ఒక చెయ్యి పిల్లాడిదే. వీపున కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ. కాయలు ఏరాలన్నా, నాట్లు వెయ్యాలన్నా, ఒక చేత్తో కళ్లెం ఇంకో చేత్తో కత్తి పట్టాలన్నా రెండూ కావాలి. మన ఊళ్లలో వీపున పిల్లల్ని కట్టుకునేది ఎక్కువగా కూలికి వెళ్లే ఆడవాళ్లే. ఆ కట్టుని ఒక మహారాణి బొమ్మకి పెట్టి మనం దండలేస్తున్నాం. దండ వేసే వాళ్లలో ఎంతమంది తోటలో ఆ అక్క వైపు చూస్తారో నాకు డౌటే.

సరే, ఎనిమిదేళ్ల లెక్క తేలాలి కదా. మా పిన్ని కొడుకు నాలుగో తరగతి, 24 కిలోలు. అమ్మమ్మ నేత చీర తీసుకుని, ఆ అక్క చేసినట్టే కట్టి చూశాం. వాడికి నవ్వు ఆగదు, వాడి కాళ్లు నా మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. వరండాలో ముప్పై అడుగులు వేశాను. భుజం కోసుకుపోయింది, వాడి బరువుకి వెనక్కి పడిపోతున్నట్టే ఉంది. ఇది నడకలో. దౌడు తీసే గుర్రం మీద, రాత్రంతా, కష్టం కాదు, కుదరదు అనిపించింది. అయితే కథంతా అబద్ధమా?

ఆ సాయంత్రం పిన్ని వాళ్లు ఊరెళ్తూ స్కూటీ తీశారు. వాడు పొద్దున్నుంచి తోటలో గంతులేసి నిద్రకి తూగుతున్నాడు. పిన్ని వాడిని వెనక సీట్లో కూర్చోబెట్టి, తన చున్నీ వాడి వీపు చుట్టూ వేసి ముందుకు తెచ్చి తన నడుముకి గట్టిగా ముడేసుకుంది. వాడు ఆమె వీపుకి చెంప ఆనించి పడుకున్నాడు. రోజూ చూసేదే. నూజివీడు బస్టాండ్ దగ్గర పది నిమిషాలు నిలబడితే ఇలాంటి చున్నీలు కనపడకపోవు. కానీ ఆ రోజు నాకు ఒక్కసారి లైట్ వెలిగింది. బరువు మోసేది సీటు. గుడ్డ పని మోయడం కాదు, నిద్రలో పడిపోకుండా పట్టుకోవడం. (నాలుగేళ్ల లోపు పిల్లలకి టూవీలర్ మీద బెల్టు, హెల్మెట్ ఉండాలని 2022లో కేంద్రం రూల్ తెచ్చింది. బండి 40 కిలోమీటర్ల స్పీడ్ దాటకూడదు. పిన్ని స్పీడ్ గురించి నేను రాయను.)

ఝాన్సీ ముట్టడి రోజుల్లో విష్ణుభట్ గోడ్సే అనే మరాఠీ పురోహితుడు అదే ఊళ్లో ఇరుక్కుపోయి ఉన్నాడు. తర్వాత చాలా ఏళ్లకి తన ప్రయాణం కథ రాశాడు, మాఝా ప్రవాస్ పేరుతో అది 1907లో అచ్చయింది. రాణి పిల్లాడిని పట్టుగుడ్డతో వీపుకి కట్టుకుని వెళ్లిందని ఆయన రాశాడు. ఇప్పుడు నా ఊహ చెప్తాను, చరిత్ర అనుకోవద్దు. పిల్లాడు గుర్రం మీద ఆమె వెనక కూర్చుని ఉంటాడు, గుడ్డ వాళ్లిద్దరినీ కలిపి పట్టి ఉంటుంది. కోట గోడ మీంచి గుర్రంతో దూకిన చోటు అని ఝాన్సీలో ఇప్పటికీ చూపిస్తారు. ఆ ఎత్తుకి గుర్రం కాళ్లు ఏమవుతాయో ఫస్టియర్ మెకానిక్స్ చదివిన ఎవరైనా చెప్పగలరు, కాబట్టి దాన్ని నేను నమ్మలేదు. పట్టుగుడ్డని నమ్మాను.

ఆమె తప్పించుకోవడానికి ఝల్కారీ బాయి అనే ఆమె రాణి వేషం వేసుకుని శత్రువుల్ని మోసం చేసిందని బుందేల్‌ఖండ్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆమె కోరీ కులం, నేతవాళ్లు. 2001లో ఆమె పేరు మీద పోస్టల్ స్టాంపు వచ్చింది. ఫాన్సీ డ్రెస్‌లో మాత్రం ఆమెని ఎవరూ వెయ్యరు. వేసినా, ఆమె అసలు వేషమే రాణి వేషం కాబట్టి ఎవరికీ తెలియదేమో.

ఝాన్సీ నుంచి కాల్పీ దాదాపు 150 కిలోమీటర్లు. ఆ దూరం ఒక పగలూ ఒక రాత్రీ లోపే వెళ్లిందంటారు. దారిలో భాండేర్ దగ్గర ఆగారు, అక్కడే వెంటపడ్డ ఇంగ్లీషు దళం అందుకుంది. ఆ దళం నాయకుడు గాయపడి వెనక్కి తగ్గాడు, వీళ్లు సాగిపోయారు. ఆ ఆగింది గుర్రాల కోసమా, పిల్లాడికి ఇంత తిండి పెట్టడానికా? పిల్లలున్న ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి నాకు రెండోదే అనిపిస్తుంది.

వీపున ఆ పిల్లాడే ఎందుకు? నగలు కట్టుకోవచ్చు, కాగితాలు కట్టుకోవచ్చు. పిల్లాడిని వదిలేస్తే వాడిని చంపొచ్చు, లేదా పట్టుకుపోయి పెంచొచ్చు. ఎలా అయినా ఆ అర్జీలన్నీ వృథా. వాడు లేకపోతే ఆమె రాజప్రతినిధి కూడా కాదు, ఊరికే తిరగబడ్డ ఒక విధవ. రాణిగా చూస్తే వాడు ఆమె హక్కు. అమ్మగా చూస్తే అంతకుముందు ఒక దామోదర్‌ని పోగొట్టుకుంది. ఈ రెండిట్లో ఏది ఎక్కువ అని నన్ను అడిగితే చెప్పలేను. ఆ రాత్రి ఆమెకి కూడా వేరు చేసి చూసుకునే టైమ్ ఉండి ఉండదు.

బొమ్మల్లో పసివాడు ఎందుకు వచ్చాడో కూడా అప్పుడే అనిపించింది. చెక్కేవాళ్లకి తెలిసి కాకపోవచ్చు. కానీ ఆ పాపాయి సైజు చూస్తే 1858 నాటి దామోదర్‌ కంటే 1851లో పోయిన దామోదర్‌కే దగ్గర.

తర్వాతి కథ రెండున్నర నెలలే. మే నెలలో కూంచ్‌లో, ఆ తర్వాత కాల్పీలో ఓటమి. ఆ ఎండలకి హ్యూ రోజ్ కూడా వడదెబ్బతో పడిపోయాడు. జూన్ 1న ఈ ఓడినవాళ్లే వెళ్లి గ్వాలియర్ పట్టుకున్నారు, సింధియా ఆగ్రాకి పారిపోయాడు. గ్వాలియర్ దగ్గర కోటా కీ సరాయ్ యుద్ధంలో సిపాయి దుస్తుల్లో పోరాడుతూ ఆమె చనిపోయింది. జూన్ 17 అని కొందరు, 18 అని కొందరు రాస్తారు. సమాధి గ్వాలియర్ ఫూల్ బాగ్‌లో ఉంది. చాలామంది రాసే రాణి కథ ఇక్కడితో ఆగిపోతుంది.

పిల్లాడు బతికే ఉన్నాడు. రామచంద్రరావు దేశ్‌ముఖ్ లాంటి కొద్దిమంది నమ్మకస్తులు వాడిని వెంటబెట్టుకుని దాదాపు రెండేళ్లు అడవుల్లో తిరిగారు. ఊళ్లోకి రానిచ్చేవాళ్లు లేరు, వానాకాలం కూడా బయటే. ఉన్న డబ్బు, నగలు తిండికే అయిపోయాయి. 1860లో ఇండోర్‌లో ఇంగ్లీషువాళ్లకి లొంగిపోయారు. చిన్న పింఛను ఇచ్చి, ఒక మున్షీ సంరక్షణలో ఉంచారు. మేజర్ అయ్యాక ఇస్తామని దాచిన నాన్న ఆస్తి కోసం పెద్దయ్యాక అర్జీలు పెట్టుకున్నాడు. రాలేదు. ఇండోర్‌లోనే పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. ఆ కుటుంబం తర్వాత తమ పేరు చివర ఝాన్సీవాలే అని పెట్టుకుంది.

లక్ష్మీబాయి పోయేనాటికి ముప్పై నిండలేదు. దామోదర్ రావు 1906 మే 28న ఇండోర్‌లో చనిపోయాడు. అప్పటికి యాభై ఏడేళ్ల దగ్గర ఉంటాయి.